నల్లా వరుసలో ఒక ఇటుక

"అక్కా, అవ్వ రాయి దొరికింది. పారెయ్యాల్నా, ఉంచాల్నా?" అని మా తమ్ముడు ఫోన్‌లో అడిగితే నాకు ముందు అర్థం కాలేదు. మునిసిపాలిటీ వాళ్లు మురికినీళ్లు పోయే కొత్త మోరీ కోసం మా ఇంటి ముందు తవ్వుతున్నారట. పాత నల్లా గద్దె పగలగొడితే, దాని సిమెంటులో ఇరుక్కుని పచ్చడి నూరే బండ సగం ముక్క ఒకటి బయటపడిందట. "ఉంచురా, నేనొస్తున్న" అనేశాను. నిజామాబాద్‌లో పుట్టి పెరిగినా ఊరొదిలి చాలా కాలమైంది. ఒక రాయి కోసం మోకాళ్ల నొప్పులతో బస్సెక్కే వయసు కూడా కాదు నాది. ఎందుకు బయలుదేరావని ఇంట్లో అడిగితే, తమ్ముణ్ని చూసొస్తానన్నాను. ఈ వయసుకు అన్నీ తేలిపోతాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ రాయి సంగతి, దానితోపాటు గుర్తొచ్చే ఒక ఇటుక సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. తేలని దాన్ని తేలినట్టు రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అవ్వ అంటే మా అమ్మ, పోయి చాలా ఏళ్లయింది. మా వైపు తల్లిని అట్లాగే పిలుస్తాం. మాది మగ్గాలు మూలబడి, బీడీల చాటలు ఒళ్లోకి వచ్చిన సాలెవాళ్ల గల్లీ. పొద్దున లేస్తే తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు వాసన. మధ్యాహ్నానికి తంబాకు ఘాటు ఇల్లంతా పరుచుకునేది, అన్నం ముద్దలో కూడా తగిలేది. అవ్వ వాకిట్లో గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చేతులు వాటంతటవే ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేవి. చూపు మాత్రం బయటే ఉండేది. గల్లీకంతటికీ ఉన్న ఒక్క మునిసిపాలిటీ నల్లా మా గోడ పక్కనే మరి. బాపుకు గల్లీ మొదట్లో సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఉండేది. అక్కడ ఎప్పుడూ రబ్బరు ట్యూబుకు పూసే సొల్యూషన్ వాసన, నలుగురు మగవాళ్ల ముచ్చట్లు. గల్లీలో పెద్దమనిషి ఎవరంటే బాపు పేరే చెప్పేవాళ్లు గానీ, అసలు పెత్తనం నల్లా తిప్పే మనిషిది. ఆ మనిషి మా అవ్వ.

నీళ్లు రోజు విడిచి రోజు, పొద్దున కాసేపే వచ్చేవి. వరుస మాత్రం ముందురోజు సాయంత్రమే మొదలయ్యేది. బీడీలు చుట్టే ఆడవాళ్లు అంతసేపు నిలబడితే పని ఎట్లా సాగుతుంది? అందుకని రాళ్లు నిలబడేవి. ఇంటికొక రాయి. ఎవరిది ఏదో గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. కుట్టుమిషను వాళ్లది షాబాదు బండ ముక్క, మూలింటి వాళ్లది కొక్కెం ఊడిన పాత తూకపు రాయి, మాది పచ్చడి బండలో సగం. రాయి ఎక్కడుంటే ఆ ఇల్లు అక్కడున్నట్టు. ఒకరి రాయిని ఇంకొకరు జరపడం మనిషిని తోసెయ్యడంతో సమానం. మా మేనత్త ఒకసారి, అన్న ఇల్లే కదా అన్న చనువుతో, వెనకనున్న తన రాయిని ముందు పెట్టింది. అవ్వ వచ్చి దాన్ని తీసి ఎక్కడిదక్కడ పెట్టింది. మేనత్త మూతి ముడుచుకుంటే, "నేను మనుషులను సూడ వదినె, రాళ్లను సూస్త" అంది. ఆ మాట గల్లీలో చాలా రోజులు తిరిగింది. ఇంటర్లో సివిక్స్ చదువుతూ సమానత్వపు హక్కు అన్న పాఠాన్ని నేను బట్టీ కొడుతున్న రోజులవి. మా లెక్చరర్ గంటసేపు చెప్పినా నాకు ఎక్కనిది అవ్వ ఒక్క మాటలో చెప్పిందనుకుని మురిసిపోయాను.

అయితే ఒక ఇటుక ఆ వరుసలో ఉండేది కాదు. మోరీకి అవతలి పక్కన ఒంటరిగా ఉండేది. అది పోశవ్వది. పోశవ్వ వాళ్లు మా గల్లీ వెనక దళిత వాడలో ఉండేవాళ్లు. అక్కడ నల్లా లేదు, బోరింగులో నీళ్లు ఉప్పగా వచ్చేవి. ఆమె పసుపు యార్డులో కూలికి పోయేది. కొమ్ములు ఏరి, జల్లెడ పట్టి, సంచులకెత్తే పని. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉండేవి, ఎంత కడిగినా పోయేవి కావు. పుట్టినిల్లు బోధన్ పక్క చెరుకు ఊళ్లలో. తండ్రి బెల్లం వండే చోట పొయ్యి దగ్గర పనిచేసేవాడట. ఆ పొయ్యి కూల్చినప్పుడు ఒక ఇటుక తెచ్చుకుంది. ఒక పక్క ఎరుపు, ఒక పక్క మాడి నలుపు. అదే ఆమె గుర్తు.

ఇటుక మోరీ అవతల ఎందుకుందని నేను అడగలేదు. అది అక్కడ ఉండటం మోరీ ఉన్నంత మామూలు మా గల్లీలో. వరుసలో కొన్ని బిందెలు నిండాక ఇటుక వంతు వచ్చేది. పోశవ్వ తన బిందెను గద్దె కింద పెట్టి వెనక్కి జరిగేది. అవ్వ తన బిందెతో నీళ్లు పట్టి, పైనుంచి, అంచు అంచుకు తగలకుండా వొంపేది. ఒక్క చుక్క కింద పడనిచ్చేది కాదు. ఆ వంతును తప్పించేది కూడా కాదు. ఒక ఎండాకాలం నల్లా సన్నని ధారగా వస్తుంటే, ముందు గల్లీ వాళ్లకు కానీ, ఇటుక సంగతి తర్వాత చూద్దాం అన్నారు ఆడవాళ్లు. అవ్వ ఒప్పుకోలేదు. "రాయి రాయే, ఇటుక గూడ రాయే. దాని పాలి అచ్చింది, దానికే" అని పోశవ్వ బిందె నింపింది. ఆ రోజు మా ఇంట్లో తాగడానికి సగం బిందే మిగిలింది. అది చూసి అవ్వను న్యాయం తెలిసిన మనిషి అనుకున్నాను. ఆ రోజు కూడా, ఎప్పటిలాగే, పైనుంచి వొంపడం చూశాను. ఆ రెండూ ఒకే చేతివని అప్పుడు నాకు తోచలేదు, తోచాక ఇప్పటిదాకా మింగుడు పడలేదు.

ఆడవాళ్లకు సీట్లు కేటాయించి మునిసిపాలిటీ ఎన్నికలు పెట్టిన తొలిసారి మా వార్డు ఎస్సీ మహిళలకు వచ్చింది. బాపు దుకాణం దగ్గర ఆ సాయంత్రం సైకిళ్ల కంటే మనుషులే ఎక్కువున్నారు. నేను లాంతరులోకి కిరసనాయిలు తేవడానికి పోతూ ఆగి విన్నాను. "ఇగ మన గల్లీని ఎవలు అర్సుకుంటరన్నా" అని దిగాలు పడ్డాడు పసుపు సంచుల వ్యాపారం చేసే మల్లేశన్న. బాపు పంక్చరైన ట్యూబును నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తూ, తలెత్తకుండానే, "ఎందుకట్ల పరేషానైతవ్? మన పోశి లేదా? దినాం మన నల్లా కాడికి అచ్చేదే గదా. మనం జెప్పినట్టు ఇంటది" అన్నాడు. అందరూ నవ్వారు. హాయిగా, బరువు దిగినట్టు నవ్వారు. మా బాపు చెడ్డవాడు కాదు. ఎవరి సైకిలు చెడిపోయినా వాళ్ల వాడ ఏదని అడగకుండా బాగుచేసేవాడు. అయినా ఆ నవ్వు నాకు ఇంకా వినిపిస్తుంది.

పోశవ్వ మొదట వద్దంది. తర్వాత ఏమనుకుందో, సరే అంది. మా గల్లీ మొత్తం ఆమె కోసం తిరిగింది. అప్పటిదాకా "ఏ పోశీ" అని కేకేసిన వాళ్లే "మన పోశవ్వ" అన్నారు. గెలిచాక "పోశవ్వ గారు" అయింది, ఇంకొందరికి "మేడం" అయింది. బంతిపూల దండలు వేసి ఊరేగించారు. ఆమె పచ్చని చేతులు ఆ పచ్చని దండల్లో కలిసిపోయి కనిపించనే లేదు. అవ్వ కూడా చాట పక్కన పెట్టి వాకిలి దాకా వచ్చి, చప్పట్లు కొట్టి, "మస్తు మంచిగైంది" అంది. మనస్ఫూర్తిగానే అంది.

ఆ తర్వాత నీళ్లొచ్చే రోజుకు ముందు సాయంత్రం, పోశవ్వ తన ఇటుకను మోరీ అవతల పెట్టలేదు. ఇవతలికి తెచ్చి, వరుసలో అన్ని రాళ్ల వెనక, చివరన పెట్టింది. గల్లీలో తలుపులన్నీ కొంచెం కొంచెం తెరుచుకున్నాయి. పొద్దున చూస్తే ఆ ఇటుక వరుసలో అందరికంటే ముందుంది. గల్లీ చరిత్రలో ఒకరి గుర్తును ఇంకొకరు జరిపి, దానికి అందరూ ఒప్పుకున్నది అదే మొదలు. పోశవ్వ బిందె చంకన పెట్టుకుని వచ్చి చూసి, "గిదెవలు జరిపిండ్రు?" అని అడిగింది.

"నేనే" అంది అవ్వ. "కౌన్సిలర్‌వి, ఆఖర్ల నిలవడ్తవా? మాకు ఇజ్జత్ గాదు."

పోశవ్వ ఇటుక తీసుకుని మళ్లీ చివరన పెట్టి, దాని పక్కనే నిలబడింది. బిందెలు ఒక్కొక్కటే నిండాయి. ఆమె వంతు వచ్చేసరికి అవ్వ గద్దె మీద నిలబడి రెండు చేతులూ చాచి, "ఇటు తే, నింపుత" అంది. నేను గడప మీద పుస్తకం పట్టుకుని ఉన్నాను. అవ్వ చేతులు చూసి ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్లూ తాకని బిందెను తాకడానికి సిద్ధపడింది అవ్వ. వొంపడం కాదు, తీసుకుని నల్లా కింద పెట్టి నింపి ఇస్తానంటోంది. ఆమె తరఫున నేను గర్వపడబోయాను.

"నా బిందె నేనే నింపుకుంటక్కా" అంది పోశవ్వ. అవ్వకంటే పెద్దదైనా అక్కా అనే పిలిచేది.

"నీకెందుకే గా కష్టం? పెద్దదానివైనవ్ ఇప్పుడు. మేమంత లేమా నింపనీకి?"

పోశవ్వ గొంతు పెంచలేదు. "మొన్నటి దాంక చిన్నదాన్నని మీరే నింపితిరి. ఇయ్యాల పెద్దదాన్నని మీరే నింపవడ్తిరి. మరి నేను నింపుకునేది ఎప్పుడక్కా?"

అవ్వ ముఖం నాకు పక్కనుంచి కనిపించింది. కోపం లేదు. ఏదో లెక్క చేస్తూ మధ్యలో మరిచిపోయిన మనిషి ముఖంలా ఉంది. ఒక చెయ్యి ఇంకా చాచే ఉంది, ఇంకో చెయ్యి నల్లా మీద ఉంది. దిగి పక్కకు జరిగితే సరిపోయేది. జరగలేదు. పోశవ్వ కూడా బిందె ఇవ్వలేదు. అట్లా ఇద్దరూ చూసుకుంటూ ఉండగానే ధార సన్నబడింది, చుక్కలైంది, నల్లా గుర్రుమని గాలి వదిలి ఆగిపోయింది. ఆ రోజుకు నీళ్లు అయిపోయాయి. కౌన్సిలర్ గారి బిందె ఖాళీగానే ఉంది.

అప్పుడు అవ్వ లోపలికి పోయి, తాగడానికి పట్టిపెట్టిన మా ఇత్తడి బిందె, మా అమ్మమ్మ పెట్టినది, నిండుగా తెచ్చి పోశవ్వ ముందు దించింది. "తీస్కపో" అని ఇంట్లోకి వచ్చేసింది. పోశవ్వ కాసేపు దాన్ని చూసింది. తర్వాత ఎత్తుకుని పోయింది. మరుసటి రోజు బిందె తిరిగొచ్చింది, మెడ మీద పసుపు వేళ్ల గుర్తులతో. అవ్వ దాన్ని పెరట్లోకి తీసుకుపోయి చింతపండు, బూడిద పెట్టి తోమింది. మామూలుగా తోమే దానికంటే చాలాసేపు తోమింది. ఆ తోమిన బిందెనే ఇంట్లో మిగిలిన నీళ్లతో నింపి, ఎప్పుడూ ఉండే చోట పెట్టి, అందులోంచి మొదటి చెంబు తనే ముంచుకుని గటగటా తాగింది. అంతసేపు తోమింది ఎందుకు? తోమిన వెంటనే నేను చూస్తుండగా తాగింది ఎందుకు? "అవ్వా, ఏందిది?" అన్నాను. "ఏమో, చదువుకుంటున్నవ్ గదా, నువ్వే చెప్పు" అని చాట ముందేసుకుంది. నేను నా సివిక్స్ పుస్తకం ముందేసుకున్నాను.

మళ్లీ నీళ్లొచ్చిన రోజు అవ్వ బయటికే రాలేదు. తన రాయి వరుసలో ఉన్నా రాలేదు. తలుపు దగ్గరికి వేసి, లోపల బీడీలు చుడుతూ కూర్చుంది. బయట నల్లా తిప్పిన చప్పుడు, ఖాళీ బిందెలో మొదటి ధార పడిన చప్పుడు మాకు వినిపించాయి. పోశవ్వ తన చేత్తో నింపుకుంటోందని తెలుసు. అవ్వ చేతులు ఆగాయి. బిందె నిండిన చప్పుడు వచ్చాక మళ్లీ కదిలాయి. అది దారి ఇవ్వడమా, ముఖం చాటెయ్యడమా?

పోశవ్వ మునిసిపాలిటీలో పట్టుబట్టి చేయించిన మొదటి పని వాళ్ల వాడకు నల్లా. వాడ ఆడవాళ్లు బిందెలు మోసుకుని మా గల్లీ దాకా రావాల్సిన పని తప్పింది. అది గెలుపు కాదని ఎట్లా అంటాను? కానీ ఆ నల్లాకు అందరికంటే ఎక్కువ సంతోషించింది మా గల్లీ. మళ్లీ దండలు, మళ్లీ చప్పట్లు. "ఇగ ఎవల నల్లా వాళ్లది, ఏ లొల్లి లేదు" అన్నాడు మల్లేశన్న. ఇటుక మా వరుసలోకి మళ్లీ రాలేదు. దాన్ని వరుసలోంచి తీసెయ్యాలని ఎవరూ అనలేదు, ఆ అవసరమే రాలేదు.

నిజామాబాద్‌లో తమ్ముడి ఇంటికి పోయేసరికి రాయి వాకిట్లో కడిగి పెట్టి ఉంది. గద్దెకు ఎప్పుడో మరమ్మతు చేసినప్పుడు మేస్త్రీ దాన్ని సిమెంటులో కూరాడట. ఇప్పుడు ఇంటింటికీ కనెక్షన్, మోటరు, పైన నల్ల ట్యాంకు. ఎవరింట్లో ఎవరు ఏ గ్లాసుతో తాగుతున్నారో గల్లీకి తెలియదు. మరదలు మాత్రం, "గా దినాలల్ల ఎట్ల ఏగిండ్రో వదినె, ఇప్పుడే నయం" అంది. నయమే. మోసే బరువు లేదు, నిలబడే వరుస లేదు. వరుస ఉంటే కదా అందులో ఎవరు లేరో కనబడేది అని నాకు అనిపించింది. పైకి అంటే, పాతకాలం మంచిదన్నట్టు వినిపిస్తుంది. పాతకాలం మంచిది కాదు. ఇప్పటి కాలం అంతకంటే ఎంత మంచిదో కొలవడానికే నా దగ్గర రాయి లేదు. ఉన్న ఒక్క రాయిని సంచిలో వేసుకుని బోధన్ బస్సెక్కాను.

పోశవ్వ ఇప్పుడు కూతురి దగ్గర, చెరుకు తోటల మధ్య తను పుట్టిన ఊళ్లోనే ఉంటోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. "నర్సక్క బిడ్డవా!" అని మా అవ్వ పేరు చెప్పి చేతులు పట్టుకుంది. ఆ చేతుల్లో ఇప్పుడు పసుపు లేదు, ముడతలున్నాయి. రాయి తీసి చూపిస్తే ఒళ్లో పెట్టుకుని నిమిరి నవ్వింది. "అబ్బ, దీన్ని ఎవ్వలు జరపనీకి లేకుండె" అంది. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి నేను వచ్చిన పని అడిగాను. "పోశవ్వా, గా దినం మా అవ్వ నిన్ను పెద్ద జేసిందా, దూరం వెట్టిందా? నాకు సమజైతలేదు."

"నేను గూడ గదే అడిగిన బిడ్డా, మీ అవ్వనే" అంది పోశవ్వ. "పానం మంచిగ లేదంటే సూడవోయిన. మంచంల వడి ఉన్నది. నర్సక్కా, గా దినం నాకెందుకు నల్లా ఇడువలేదు అని అడిగిన."

ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఏమన్నది?"

"నాకే ఎర్క లేదే పోశవ్వా అన్నది. ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన. నేనెందుకేడ్సిన్నో నాకు గూడ ఎర్క లేదు."

అవ్వకు తెలిసే ఉంటుందని, నాకు చెప్పలేదంతే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆమెకూ తెలియదన్నమాట. "దూప అయితుంది, జర నీళ్లియ్యి" అన్నాను. కూతురు గ్లాసు కోసం లేచింది. పోశవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నల్లా గాడున్నది బిడ్డా, చెంబు దాని పక్కకే ఉన్నది. పోయి పట్టుకో" అంది నాతో.

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని నీళ్లు నువ్వే పట్టుకొమ్మని ఎవరూ అనరు. కూతురు సిగ్గుపడి "అవ్వా, గట్లంటరా?" అని గొణిగింది. పోశవ్వ నవ్వలేదు, కోపంగానూ లేదు, నన్నే చూస్తోంది. నేను లేచి పెరట్లోకి పోయాను. నల్లా గద్దె కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి, అందులో ఒకటి ఒక పక్క నల్లగా ఉంది. చెంబు పెట్టి నల్లా తిప్పాను. చెంబు నిండి పొర్లింది. ఆ రోజు అవ్వ లాగే, నేను నల్లా మీద నుంచి చెయ్యి తియ్యలేదు.